ఉదయం బండి కావాలి

ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి చిన్న రైలు ఫొటో ఎవరైనా ఫేస్‌బుక్‌లో పెడితే చాలు, కింద నిట్టూర్పులు మొదలవుతాయి. ఆ రోజులే వేరంటారు. పక్కన సైకిలు మీద పోయేవాడు రైలును దాటిపోయిన కథ ఎవరో ఒకరు మళ్లీ చెబుతారు. ఆ రైలెక్కి హైస్కూలుకు వెళ్లినవాణ్ని నేను. బొగ్గు నుసి కళ్లలో పడి ఎర్రబడ్డ కళ్లతో లెక్కల పరీక్ష రాసినవాణ్ని. అది పోయినందుకు నాకు బెంగ లేదు. దాని స్థానంలో వచ్చిన పెద్ద రైలు మాకు పనికొచ్చే వేళకు రాదు, నా బాధంతా అదే. పాత బండి మీద కారుస్తున్న కన్నీళ్లలో పదో వంతు ఈ సంగతి మీద ఖర్చుపెట్టినా ఈపాటికి ఏదో ఒకటి కదిలి ఉండేది.

మా స్టేషను పేరు రాయను. కాశీనగర్ దాటాక, లైను చివరి ఊరైన గుణుపురం చేరేలోపు వచ్చే చిన్న స్టేషన్లలో ఒకటి అనుకోండి. పేరు రాస్తే అక్కడ కిటికీ వెనక కూర్చుని టికెట్లిచ్చే కుర్రవాడికి ఇబ్బంది. అతను రైల్వే ఉద్యోగి కాడు, కమిషన్ ఏజెంటు. ముందుగా డబ్బు కట్టి టికెట్లు తెచ్చుకుంటాడు, అమ్మిన దాని మీద నాలుగు రాళ్లు మిగులుతాయి. బండి వచ్చే ముందు తలుపు తీస్తాడు, బండి కదలగానే తాళం వేసి పొలానికి పోతాడు. మా ఊళ్లో ఇళ్లలో తెలుగు, బడిలో ఒడియా, సంతలో కొండ గిరిజనుల భాష సవర కూడా వినిపిస్తాయి. రైలు కోసం నిలబడినప్పుడు మూడూ కలిసే వినిపిస్తాయి.

ఈ లైను ఎలా పుట్టిందో చెప్పకపోతే నా ఫిర్యాదు అర్థం కాదు. 1890ల్లో తీరం వెంట పెద్ద రైలుమార్గం వచ్చేసరికి పర్లాకిమిడి దానికి పాతిక మైళ్లు లోపల మిగిలిపోయింది. దగ్గరి స్టేషను నౌపడ, ఉప్పు మళ్ల ఊరు. తన రాజధాని పర్లాకిమిడిని ఆ స్టేషనుతో కలపాలని అప్పటి రాజావారు గౌరచంద్ర గజపతి తలపెట్టారు. సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో, రెండడుగుల ఆరంగుళాల వెడల్పున పట్టాలు పరిచి 1900 ఏప్రిల్ 1న బండి నడిపారు. సర్కారు వేసిన దారి కాదది, ఒక జమీందారు తన ఊరి అవసరం చూసుకుని వేయించుకున్న దారి. లోపలి కొసన కూర్చున్న మనిషి, తాను బయటికి ఎలా వెళ్లాలా అని ఆలోచించి వేసిన దారి. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో నాకు పని ఉంది.

మొదటి పదేళ్లు ఆ రైలు నష్టాల్లోనే నడిచింది. 1910 తర్వాత కొద్దికొద్దిగా లాభం కనిపించింది, 1924-25 తర్వాత రాబడి పుంజుకుంది. ఆ ధైర్యంతోనే తర్వాతి జమీందారు కృష్ణచంద్ర గజపతి హయాంలో లైనును గుణుపురం దాకా లాగారు, 1929లో కొంత, 1931లో మిగిలింది. నౌపడ నుంచి గుణుపురం దాకా మొత్తం 90 కిలోమీటర్లు. మా స్టేషను పుట్టింది ఆ రెండో విడత పొడిగింపులోనే. కొండల మీది చింతపండు, పసుపు, పిప్పళ్లు, అడ్డాకులు కిందికి దిగేవి. ఉప్పు, బట్ట, కిరసనాయిలు పైకి ఎక్కేవి. పదేళ్ల నష్టం చూసి 1910లోనే ఎవరైనా లెక్కల మనిషి ఈ లైను మూసేయమని ఉంటే, గుణుపురం మాట దేవుడెరుగు, పర్లాకిమిడికి కూడా రైలు మిగిలేది కాదు.

ఆ తర్వాత గీత పడింది. 1936 ఏప్రిల్ 1న, అంటే రైలు మొదలైన తేదీకి సరిగ్గా 36 ఏళ్లకు, ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటు పోయింది, మహేంద్రతనయ ఏటికి ఇవతల ఉన్న పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో మిగిలింది. అప్పటిదాకా విశాఖపట్నం ఏజెన్సీలో ఉన్న గుణుపురం కూడా ఒరిస్సాకే వెళ్లింది. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూ వాడుక భాష కోసం పోరాడిన, సవర భాషకు వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ విభజనకు నిరసనగా, రాష్ట్ర ప్రారంభోత్సవం నాటి ఉదయమే ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. కృష్ణచంద్ర గజపతి ఆ మరుసటి ఏడాదే ఒరిస్సాకు మొదటి ప్రధాని అయ్యారు, అప్పట్లో ముఖ్యమంత్రిని అలా పిలిచేవారు. రైలును గుణుపురం చేర్చిన జమీందారు ఒరిస్సా కోసం పాటుపడ్డారు, ఆయన ఊళ్లోని పంతులుగారు అందులో ఉండనని వెళ్లిపోయారు. ఎవరిది ఒప్పో తేల్చే పని నాది కాదు. మా తరం పుట్టేనాటికే గీత పాతబడింది, మేం ఒడియాలో చదువుకుని తెలుగులో కలలు కన్నాం. చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇన్నేళ్లయినా గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడి నుంచి సొంత రాష్ట్ర రాజధానికి రైల్లో పోవాలంటే ముందు ఆంధ్రలోకి దిగాలి. పాతపట్నం, టెక్కలి మీదుగా నౌపడ చేరి, అక్కడ పెద్ద లైను ఎక్కి, పలాస, ఇచ్ఛాపురం దాటితే గానీ మళ్లీ ఒడిశా రాదు. మ్యాపులో జిల్లాలు ఎలా ఉన్నా, మా ఊళ్లకు రైల్లో వెలుపలి దారి ఆంధ్రలోంచే ఉంది. భువనేశ్వర్‌లో లైను గురించి మాట్లాడితే అది ఆంధ్ర వైపు పోయే లైను అంటారు, విశాఖలో మాట్లాడితే ఒడిశాలోకి పోయే లైను అంటారు. ఓట్లు అడగడానికి మాత్రం ఇరువైపుల వారూ వస్తారు.

చిన్న గేజి బండి చివరిసారి 2004 జూన్ 9న నడిచింది. పెద్ద గేజి పనికి శంకుస్థాపన అప్పటికి రెండేళ్ల క్రితమే జరిగింది. పెద్ద పట్టాల మీద బండి పర్లాకిమిడి చేరేసరికి 2010, గుణుపురం చేరేసరికి 2011. ఆ మధ్య కాలంలో మా స్టేషను గోడలకు పిడకలు కొట్టారు. అంతకన్నా పెద్ద మార్పు మనుషుల అలవాట్లలో జరిగింది. ఏడేళ్లలో ఒక తరం పిల్లలు రైలు అవసరం లేకుండానే పదో తరగతి దాటారు. జీపులవాళ్లు, ఆటోలవాళ్లు దారులు కనిపెట్టుకున్నారు, టెక్కలి బస్సుకు ఎన్నింటికి బయలుదేరాలో ఇంటింటికీ తెలిసిపోయింది. రైలు తిరిగొచ్చినప్పుడు కొబ్బరికాయలు కొట్టాం, ఇంజనుకు దండలు వేశాం. కానీ అలవాటు తప్పిన మనుషులను వెనక్కి తెచ్చుకోవాలంటే రైలు వాళ్ల వేళకు రావాలి కదా. రాలేదు.

ఇప్పుడు మా లైను మీద నడిచే బండ్ల సంగతి చూడండి. రాత్రి పూట భువనేశ్వర్, పూరీ వైపు, రూర్కెలా వైపు పోయే బండ్లున్నాయి. వాటిని తక్కువ చేయను, చదువులకు పోయే పిల్లలకు అవి పెద్ద ఆసరా. మాకు రోజువారీ అవసరమంతా విశాఖతో. ఆసుపత్రి అక్కడ, పెద్ద బజారు అక్కడ, కూలికి పోయేవాళ్లు కేరళకో చెన్నైకో హైదరాబాదుకో బండి పట్టుకునేదీ అక్కడే. విశాఖ బండి ఏళ్ల తరబడి ఒకే తీరున నడుస్తోంది. పొద్దున్నే విశాఖలో బయలుదేరుతుంది, మధ్యాహ్నానికి గుణుపురం చేరుతుంది, మళ్లీ వెనుదిరిగి రాత్రికి విశాఖ చేరుతుంది. విశాఖలో ఉండేవాడికి ఇది చక్కటి ఏర్పాటు. తెల్లారి ఎక్కి, వంశధార చూసుకుని, రాత్రికి ఇంటికి చేరవచ్చు. లోపలి కొస మనిషి కోసం వేసిన దారి మీద, బండి బయటి కొస మనిషి వేళకు నడుస్తోందన్నమాట.

అదే మా ఊరి మనిషికి ఎలా ఉంటుందో చెబుతాను. కింగ్ జార్జి ఆసుపత్రిలో గుండె డాక్టరుకు చూపించుకోవాలి. ఓపీ చీటీలు ఉదయమే ఇస్తారు. కాబట్టి ముందు రోజు మధ్యాహ్నం బండెక్కాలి. రాత్రికి విశాఖలో దిగి, స్టేషన్లోనో ఆసుపత్రి వరండాలోనో పడుకోవాలి. మర్నాడు చీటీ, డాక్టరు, పరీక్షలు, మందుల కిటికీ, అన్నీ అయ్యేసరికి సాయంత్రం. ఊరికి బండి ఆ మర్నాడు పొద్దున్నే. అంటే ఇంకో రాత్రి. పది నిమిషాలు డాక్టరు ముందు కూర్చోవడానికి రెండు రాత్రులు ఇల్లు వదలాలి. ముసలమ్మ ఒక్కతే పోలేదు, తోడు కొడుకు కూడా రెండు రోజుల కూలి వదులుకోవాలి. రెండు రాత్రుల తిండి, టీ, టికెట్టు కలిపి చూసుకుంటే, తెల్లవారకముందు జీపులో వెళ్లి బస్సు పట్టుకోవడమే నయమని అందరూ లెక్క కట్టేశారు. ఆ లెక్కలో తప్పు లేదు.

ఓసారి టికెట్ల కుర్రవాణ్ని అడిగాను, విశాఖ టికెట్లు ఏమాత్రం తెగుతాయని.

"పండగలకు తప్ప పెద్దగా లేవు మాస్టారూ" అన్నాడు. "విశాఖ వెళ్లేవాళ్లు లేక కాదు. మా అమ్మనే మొన్న జీపులో తీసుకెళ్లాను. టికెట్లమ్మేవాణ్ని నేనే ఎక్కని బండికి ఇంకొకరిని ఎక్కమని ఎలా చెప్పను?"

ఇక్కడే అసలు తిరకాసు ఉంది. 2017 నుంచి రైల్వే తన స్టేషన్లను రాబడిని బట్టి, ప్రయాణికుల సంఖ్యను బట్టి తరగతులుగా విడగొట్టింది. మహానగరాల చుట్టుపక్కల స్టేషన్లు ఒక జాబితా, మిగతావి ఒక జాబితా, మాలాంటి చిన్న ఆగుడు స్టేషన్లు, అంటే హాల్టులు, మరో జాబితా. హాల్టుల్లో అట్టడుగు తరగతి ఏడాదికి 5 లక్షల రూపాయల లోపు రాబడి, లక్ష మంది లోపు ప్రయాణికులు ఉన్నవి. నీళ్ల కుళాయి, పైకప్పు, దీపాలు, బల్లలు ఏ మేరకు ఉండాలన్నది ఆ తరగతిని బట్టే. ఇందులో లెక్కకు వచ్చేది ఆ స్టేషను నుంచి బయలుదేరే ప్రయాణికులు మాత్రమే. దిగేవాళ్లు లెక్కలో లేరు. విశాఖలో టికెట్టు కొని మా ఊళ్లో దిగిన మనిషి విశాఖ ఖాతాలోకి పోతాడు. శనివారం గుణుపురం ఇంజనీరింగు కాలేజీ నుంచి ఇంటికొచ్చే పిల్లవాడి టికెట్టు గుణుపురం ఖాతా. కేరళకు కూలికి పోయే నలుగురు ఫోనులో రిజర్వేషన్ చేయించుకుంటారు, ఆ రాబడి ఏ విశాఖకో పోతుంది, మా స్టేషనుకు దక్కేది ఏమీ ఉండదు. సంతకు పోయే సవర ఆడవాళ్లు వెళ్లేటప్పుడు ఇక్కడ పది రూపాయల టికెట్టు కొంటారు, వచ్చేటప్పుడు అక్కడ. ఈ మనుషులందరూ మా ప్లాట్‌ఫారం మీద అడుగు పెట్టినవాళ్లే. కాగితం మీద వాళ్లలో సగం మందికి పైగా ఇక్కడ కనిపించరు. బండి వేళ తప్పు కాబట్టి టికెట్లు తెగవు, టికెట్లు తెగవు కాబట్టి స్టేషను అట్టడుగున ఉంటుంది, అట్టడుగున ఉన్న స్టేషను కోసం వేళ మార్చమంటే ఎవరు మారుస్తారు?

పది రూపాయలంటే గుర్తొచ్చింది. 2020 మార్చిలో దేశమంతా బండ్లు ఆగినప్పుడు ఇక్కడా ఆగాయి. తిరిగి మొదలైనప్పుడు ప్యాసింజరు బండ్లే స్పెషల్ అనే పేరు తగిలించుకుని వచ్చాయి. అవే పెట్టెలు, అదే నడక, కనీస ఛార్జీ మాత్రం పది నుంచి ముప్పై. అడ్డాకుల కట్ట అమ్మితే చేతికొచ్చేది ఎంతో తెలిసినవాళ్లెవరూ ఆ నిర్ణయం తీసుకుని ఉండరు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ పదికి దించారు. ఈలోగా సంత ఆడవాళ్లు ఆటోలో అరడజను మంది కలిసి పోవడానికి అలవాటు పడ్డారు. అంటే రైల్వే మా జనాన్ని రెండుసార్లు ఆటో ఎక్కించిందన్నమాట, ఒకసారి గేజి మార్పిడి పేరుతో, ఇంకోసారి ఛార్జీతో.

ఇంకా రైలే ఎక్కేవాళ్లు లేకపోలేదు. మొన్న వేసవిలో మధ్యాహ్నం బండి వేళకు స్టేషన్లో ఉన్నాను. ప్లాట్‌ఫారం అంటే కంకర మీద మట్టి పోసి చదును చేసింది, పట్టాల ఎత్తున ఉంటుంది. పాత చిన్న బండికి అది సరిపోయేది, పెట్టె మెట్టు మోకాలి ఎత్తు కూడా ఉండేది కాదు. ఇప్పటి పెట్టె తలుపు మనిషి ఛాతీ ఎత్తున ఉంటుంది, కింది మెట్టే నడుము దాకా వస్తుంది. ఒక సవర ముసలావిడ, చేతికి గాజుల బదులు అల్యూమినియం కడియాలు, రెండు కొండచీపుళ్ల మోపులు, ఒక చింతపండు బస్తా. బండి ఆగేది ఒక్క నిమిషం. పైనున్న కుర్రవాడెవరో మోపులు అందుకున్నాడు. బస్తాను ఏజెంటు భుజాన వేసుకుని లోపలికి నెట్టాడు. ఆవిడ కడ్డీ పట్టుకుని ఒక కాలు మెట్టు మీద పెట్టింది, రెండో కాలు లేవలేదు. వెనక నుంచి ఇద్దరు ఎత్తారు. ఎక్కాక ఆవిడ బస్తా మీదే కూర్చుని, కాలు జాపుకుని, ఎత్తిన వాళ్లను సవరలో ఏదో తిట్టింది. అందరూ నవ్వారు. గార్డు పచ్చజెండా ఊపాడు. బండి కదిలిపోయింది. ఎత్తయిన ప్లాట్‌ఫారం ఎప్పుడొస్తుందని అడిగితే, మీ స్టేషను తరగతికి అది రాదు అన్న జవాబు రాతపూర్వకంగానే ఉంది నా దగ్గర.

పర్లాకిమిడి, గుణుపురం స్టేషన్లు మాత్రం స్టేషన్లను కొత్తగా తీర్చిదిద్దే అమృత్ భారత్ పథకంలో ఉన్నాయి. కొత్త ముఖద్వారం, వెయిటింగు హాలు, రంగులు, గోడల మీద సవర బొమ్మలు. చేయనివ్వండి, నాకు ఏడుపేమీ లేదు. గోడ మీద బొమ్మగా సవర మనిషిని గీయడానికి డబ్బు దొరికింది, ఆ మనిషి కాలు పెట్టి ఎక్కడానికి ప్లాట్‌ఫారం ఎత్తు చేయడానికి దొరకలేదు, అంతే నేనంటున్నది. పైగా అద్దాల హాలు ఎంత బాగున్నా, ఉదయం బండి లేకపోతే అందులో ఉదయం పూట కూర్చునేదెవరు?

రైల్వేవారి జవాబు నాకు తెలియనిది కాదు. రేకులు, అంటే బండిగా కూర్చిన పెట్టెల వరుసలు, చాలవు అంటారు. ఉదయం గుణుపురంలో బండి బయలుదేరాలంటే రాత్రి అక్కడ ఒక రేకు నిలవాలి, దాన్ని కడగాలి, నీళ్లు పట్టాలి, డ్రైవరుకు, గార్డుకు పడక ఉండాలి అంటారు. అవన్నీ నిజమైన ఇబ్బందులే, వాటిని తేలిగ్గా తీసేయను. కానీ ఒడిశాలో పెద్ద గేజి లైన్లన్నీ కరెంటు లైన్లయ్యాయి, మాదీ అందులోదే. కరెంటుతో నడిచే మెమూ బండికి రెండు కొసలా డ్రైవరు గది ఉంటుంది, ఇంజను విప్పి తిప్పే పని లేదు. దూరపు బండ్ల సిబ్బంది ఎలాగూ గుణుపురంలో పడుకుంటున్నారు. మేం కొత్త బండి కూడా అడగడం లేదు. ఉన్న విశాఖ బండినే తిరగేయమంటున్నాం. రాత్రి గుణుపురంలో నిలిచి, తెల్లవారుజామున బయలుదేరి, ఓపీ చీటీలు ఇచ్చే వేళకు విశాఖ చేరి, సాయంత్రం అక్కడ బయలుదేరి రాత్రికి తిరిగి రావాలి. అలా చేస్తే విశాఖ నుంచి ఉదయం ఇటు వచ్చే ఉద్యోగులకు, ఉపాధ్యాయులకు ఇబ్బంది, ఒప్పుకుంటాను. అందుకు వాళ్ల కోసం ఇంకో బండి అడుగుదాం, కలిసి అడుగుదాం. ఇన్నేళ్లూ ఇబ్బంది ఒక వైపే పడింది కదా, ఇప్పుడు దాన్ని పంచుకోవడం అన్యాయమేమీ కాదు.

తొందరపడడానికి కారణం కూడా ఉంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం గుణుపురం నుంచి తెరువలి దాకా 73.62 కిలోమీటర్ల కొత్త లైనుకు ఆమోదం తెలిపింది. 1931 నుంచి కొసగా ఉన్న గుణుపురం ఆ లైను పూర్తయితే కొసగా మిగలదు. తెరువలి దగ్గర విజయనగరం–రాయపూర్ లైనుతో కలుస్తుంది. రాయగడ వైపు గనుల సరుకుకు, అల్యూమినాకు తీరం వైపు మరో దారి దొరుకుతుంది. మా ఊళ్లో దీన్ని విని మిఠాయిలు పంచినవాళ్లున్నారు. నేను తినలేదని కాదు. కానీ ఒంటి లైను మీద గూడ్సు బండ్లు వరుసకట్టాక ప్యాసింజరుకు వేళ అడిగితే ఏమవుతుందో తెలియాలంటే గూడ్సు ఎక్కువగా పోయే ఏ లైను పక్కనైనా ఒక పూట కూర్చుంటే చాలు. సరుకుకు ఆలస్యమైతే అడిగేవాళ్లు ఉంటారు. సిగ్నలు దగ్గర ఆగిపోయిన ప్యాసింజరులో కూర్చున్నవాళ్ల తరఫున అడిగేవాళ్లు ఉండరు. గూడ్సు రాకముందే ఉదయం బండి టైంటేబుల్లోకి ఎక్కాలి. తర్వాత అడిగితే ఖాళీ లేదంటారు, అది అబద్ధమూ కాకపోవచ్చు.

ఈ ఏడాది మేం కొత్తగా చేసిన పని ఒకటుంది. ఆలోచన నాది కాదు, ఏజెంటుది. గీతలు కొట్టిన స్కూలు నోటుబుక్కులో ఒక పక్క ఎక్కినవాళ్లు, ఒక పక్క దిగినవాళ్లు అని రాస్తున్నాడు. ప్రతి బండికీ రాస్తున్నాడు, అతను పొలంలో ఉంటే వాళ్ల చెల్లెలు రాస్తుంది. దిగినవాళ్ల పక్క ఎప్పుడూ ముందే నిండుతోంది. రెండు పక్క ఊళ్లవాళ్లు కూడా అలాగే రాయడం మొదలుపెట్టారు. ఇంకో వరుసలో తెల్లవారుజామున స్టేషను ముందు నుంచి జనంతో పోయే జీపులు, ఆటోలు ఎన్నో గుర్తుపెడుతున్నారు, విశాఖకు మనుషులు లేరన్న మాటకు అదే జవాబని. అర్జీ ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి రాశాం. సర్పంచులు సంతకాలు పెట్టారు. వచ్చే సోమవారం ఆ పుస్తకాలు పట్టుకుని ఐదుగురం డివిజన్ ఆఫీసుకు వెళ్తున్నాం. జీపు మాట్లాడుకున్నాం. ఆఫీసు తెరిచే వేళకు చేర్చే బండి మాకు లేదు మరి.